ఆగి ఉన్న ఇంజన్

చేతికి దెబ్బ తగిలి వచ్చినవాళ్ళలో చాలామంది అది ఎలా తగిలిందో మొదటిసారి సరిగ్గా చెప్పరు. కత్తి జారిందంటారు. తలుపు పడిందంటారు. దానంతటది జారిన కత్తి ఎక్కడ కోస్తుందో, ఎవరో లాగిన కత్తి ఎక్కడ కోస్తుందో గాయాలను రోజూ చూసేవాళ్ళకి తెలిసిపోతుంది. అయినా మేం అడగం. వేలు వంగుతుందా, వంగదా అన్నంత వరకే మా పని.

సింగపూర్‌లో ఒక ఆసుపత్రి చేతి చికిత్స విభాగంలో థెరపిస్టుగా నా ఉద్యోగ జీవితం దాదాపు మొత్తం గడిచింది. కాకినాడ నుంచి వచ్చిన కొత్తలో ఇక్కడివాళ్ళు నన్ను డాక్టరనుకునేవారు, మనవాళ్ళు నర్సనుకునేవారు. రెండూ కాదు. సర్జన్లు కుట్టి పంపిన వేళ్ళను మళ్ళీ వంగేలా చేయడం మా పని. కుట్టడం కొన్ని గంటల్లో అయిపోతుంది. వంచడానికి నెలలు పడుతుంది, పైగా నొప్పి పెడుతుంది. అందుకని దండాలు సర్జన్‌కి, తిట్లు మాకు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు బెడోక్‌లో మా ఫ్లాట్‌కి వచ్చి, బాగా గుర్తున్న కేసు ఒకటి చెప్పమంటారు. బాగుపడిన చేతి గురించి చెబుతాననుకుంటారు. నాకు అన్నిటికన్నా బాగా గుర్తున్న చెయ్యి బాగుపడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అతనిది కరీంనగర్ వైపు. నలభై దాటిన మనిషి. జురాంగ్ ఐలాండ్‌లో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో పంపులూ కంప్రెసర్లూ చూసుకునే ఇంజనీరు. భార్యది బ్యాంకులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంట్లో ఇద్దరే. అతనికున్న పిచ్చల్లా ఒక పాత డీజిల్ బండి. రోడ్డు లేని చోట కూడా నడిచే, పెట్టెలా నిలువుగా ఉండే ఫోర్ బై ఫోర్. సింగపూర్‌లో రోడ్డు లేని చోటు దొరకదు కాబట్టి, సెలవులు కలిసొచ్చినప్పుడల్లా స్నేహితులతో సరిహద్దు దాటి మలేషియా అడవుల్లో దానికి బురద పూసి తెచ్చేవాడు. ఫ్లాట్ల కార్ పార్కుల్లో బండి విప్పుకోనివ్వరని, దాని కోసమే మా బెడోక్‌కి దగ్గర్లో పోర్చి ఉన్న ఇల్లు అద్దెకు తీసుకున్నారు.

అలాంటి ఒక ప్రయాణానికి ముందు, ఇంజన్ బెల్టు కీచుమంటోందని తనే మార్చడానికి పూనుకున్నాడు. ఇంజన్ తిరిగినప్పుడు దానితోపాటు ఫ్యానునీ, నీళ్ళ పంపునీ, బ్యాటరీకి కరెంటు ఎక్కించే ఆల్టర్నేటర్‌నీ తిప్పే రబ్బరు బెల్టు అది. పాతది తీసేయాలి. కొత్తదాన్ని పుల్లీల గాడుల్లో కూర్చోబెట్టి, బిగువు చూసుకుని, బోల్టు బిగించాలి. అరగంట పని అన్నాడట భార్యతో. మగవాళ్ళు ఇంట్లో అరగంట పని అని మొదలుపెట్టినవాటి తాలూకు చేతులు నేను చాలా చూశాను.

మా దగ్గరికి వచ్చేసరికి సర్జరీ అయి కొన్ని రోజులైంది. కుడిచేతి ఉంగరపు వేలు చివరి కణుపు పోయింది. చూపుడు వేలు, మధ్య వేలు మిగిలాయి గాని వాటిని లోపలినుంచి లాగి వంచే తాళ్ళు, మేం టెండన్లు అంటాం, తెగిపోతే కుట్టారు. మధ్య వేలి ఎముక కూడా నలిగింది. దెబ్బ తగిలినప్పుడు కాళ్ళ కింద స్టూలు జారి, ఎడమ చెయ్యి బంపరుకు కొట్టుకుని మణికట్టు విరిగింది. అది సిమెంటు కట్టులో ఉంది. రెండు చేతుల్నీ ఛాతీ ముందుకు ఎత్తుకుని, ఎవరో కాసేపు పట్టుకోమని ఇచ్చిన సామానులా మోస్తూ కూర్చున్నాడు.

తెలుగులో పలకరించేసరికి ముఖం కొంచెం తేలికపడింది. ఎలా జరిగిందని అడిగాను.

"ఇంజన్ నడుస్తుండంగ చప్పుడు ఎక్కడ్నుంచి వస్తుందో చూద్దామని చెయ్యి పెట్టిన మేడం. నాదే తప్పు."

తడుముకోకుండా, వల్లె వేసినట్టు చెప్పాడు. నేను రాసుకున్నాను. రాసుకుంటున్నప్పుడే అది నిజం కాదని తెలిసింది. నడుస్తున్న డీజిల్ ఇంజన్ బెల్టులో పడిన వేళ్ళు కుట్టడానికి మిగలవు. ఇవి ఆగి ఉన్న పుల్లీ ఒక్కసారి కదిలి, మళ్ళీ ఆగినప్పుడు దాని కింద నలిగిన వేళ్ళు. అయినా నేను అడగలేదు.

మా విభాగం గురించి కొంచెం చెప్పాలి. దాన్ని నడిపే మా పెద్దావిడ చైనీస్ ఆమె, నా ఈడుదే. రోజుకు సరిపడా మాటలు పొద్దున్నే కొలుచుకుని వచ్చినట్టు మాట్లాడేది. వేళ్ళను కాపాడే స్ప్లింట్లు చేసేది ఒక మలాయ్ పెద్దాయన. ప్లాస్టిక్ రేకును వేడినీళ్ళలో మెత్తబరిచి, చేతి మీద పరిచి, చల్లారేలోగా దానికి ఆ చేతి ఆకారం తెచ్చేవాడు. అందరికీ అంకుల్. మధ్యాహ్నం కాగానే గదులన్నీ తిరిగి "మకాన్, మకాన్" అని భోజనానికి తరిమేవాడు. ఇంకా కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఉండేది, ఇక్కడే పుట్టి పెరిగిన తమిళుల పిల్ల. పుస్తకంలో ఉన్నదంతా దానికి వచ్చు.

కుట్టిన టెండన్‌ని కదల్చకుండా వదిలేస్తే చుట్టూ ఉన్న కండకు అతుక్కుపోతుంది. ఎక్కువ కదిలిస్తే తెగిపోతుంది. అందుకని మెలకువగా ఉన్నంతసేపూ గంటగంటకూ ఇంకో చెయ్యి ఆ వేళ్ళను మెల్లగా మడిచి, మెల్లగా వదలాలి. మామూలుగా రోగి రెండో చెయ్యి ఆ పని చేస్తుంది. ఇతని రెండో చెయ్యి కట్టులో ఉంది. కాబట్టి ఇంట్లో ఇంకొకరు చేయాలి. ఇంట్లో ఉన్నది భార్య ఒక్కతే.

ఆమె ప్రతిసారీ అతనితో వచ్చేది. లోపలికి మాత్రం వచ్చేది కాదు. బయట బెంచీ మీద, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. నేను వెళ్ళి, ఎలా వంచాలో చూపిస్తాను రమ్మన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నాతోని కాదు ఆంటీ."

లోపల అతను, ఆమెకు రక్తమంటే భయమని చెప్పాడు. అప్పటికి ఆ చేతి మీద చూడడానికి రక్తం ఏమీ లేదు.

భర్తను పట్టించుకోని మనిషా అంటే అదీ కాదు. ఒకరోజు వాళ్ళిద్దరినీ ఆసుపత్రి క్యాంటీన్‌లో చూశాను. ఆమె అతనికి చెంచాతో అన్నం పెడుతోంది. మూతి తుడుస్తోంది. నీళ్ళు తాగిస్తోంది. అతనికి స్నానం, గడ్డం, చొక్కా గుండీలు అన్నీ ఆమే చూసేదని తర్వాత తెలిసింది. కాని అన్నం పెట్టే ముందు తన చున్నీ కొంగు తీసి అతని కుడిచేతి మీద కప్పింది. తిన్నంతసేపూ అది కప్పే ఉంది. అతనూ తియ్యలేదు.

మేం చేయగలిగింది చేశాం. వారానికి రెండుసార్లు రావాల్సిన మనిషిని రోజూ రమ్మన్నాం. అంకుల్ తన భోజనం వేళ మానుకుని, అతని వేళ్ళు చేతిలోకి తీసుకుని, బిడ్డను జోకొట్టినట్టు మడిచేవాడు, విప్పేవాడు. కాని రోజుకు ఒక పూట కదిలిన వేలు మిగిలిన గంటలన్నీ కదలకుండా ఉండిపోతే మేం చేసింది నీళ్ళలో పోసినట్టే. వేళ్ళు బిగుసుకుపోవడం మొదలైంది.

ఒకరోజు మా కొత్త తమిళ అమ్మాయి ఆగలేక కారిడార్‌లో ఆమె దగ్గరికి వెళ్ళింది. చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. మీరు సాయం చేయకపోతే మీ ఆయన వేళ్ళు ఇలాగే కర్రల్లా ఉండిపోతాయి, ఆ తర్వాత మేం కూడా ఏమీ చేయలేం, అని ఇంగ్లీషులో, స్పష్టంగా, బెంచీల మీద ఉన్న అందరికీ వినబడేలా చెప్పింది. పుస్తకం ప్రకారం అందులో తప్పు ఒక్క ముక్క లేదు. ఆమె లేచి నిలబడి, థాంక్యూ అని చెప్పి, లిఫ్టు వైపు వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి రావడం మానేసింది.

ఆ తర్వాత అతన్ని ఫ్యాక్టరీలో పనిచేసే స్నేహితుడొకడు కారులో తీసుకొచ్చేవాడు. చైనీస్ అబ్బాయి, నోరు ఊరుకోదు. మా దగ్గర కూర్చుని అతని గురించి ఒకటే పొగడ్త. ప్లాంటులో ఏ పంపు మీదైనా చెయ్యి వేసే ముందు కరెంటు స్విచ్చికి తాళం వేయాలి, ఆ తాళంచెవి పనిచేసేవాడి జేబులోనే ఉండాలి, అది చూడనిదే ఇతను ఎవరినీ ముట్టుకోనివ్వడు, మా అందరికీ నేర్పింది ఇతనే అని చెప్పుకొచ్చాడు. అలాంటి మనిషికి ఇలా ఎలా జరిగిందో అని ఆశ్చర్యపోయాడు. అతను తల దించుకుని, అంకుల్ చేతుల్లో మడుచుకుంటున్న తన వేళ్ళను చూస్తూ కూర్చున్నాడు.

ఎడమచేతి కట్టు విప్పాక నాకు కొంచెం ఆశ కలిగింది. ఇక తన చేత్తోనే తను వంచుకోవచ్చు. స్ప్లింట్ ఇంకొన్నాళ్ళు ఉంచుకోవాలని, కుడిచేత్తో దేన్నీ గట్టిగా పట్టుకోకూడదని, ఎత్తకూడదని, లాగకూడదని చెప్పాను. సరేనన్నాడు. ఆ శనివారం భార్య ఏదో పని మీద ఆఫీసుకి వెళ్ళింది. సోమవారం పొద్దున అతను నా ముందు కూర్చుని, "మధ్య వేలు అసలే వంగుతలేదు మేడం," అన్నాడు.

చూశాను. కుట్టిన టెండన్ తెగిపోయింది.

ఏం చేశావని అడిగితే దాచలేదు. ప్రమాదం రోజు ఎదురింటాయన పరుగున వచ్చి, అతని వేళ్ళను విడిపించడానికి ఆ కొత్త బెల్టును వంటింటి కత్తితో కోసేశాడట. అప్పటినుంచి బండి బానెట్ తెరుచుకుని, బెల్టు లేకుండా, పోర్చిలో అలాగే ఉంది. ఇతను ఇంకో బెల్టు తెప్పించాడు. ఆమె ఇంట్లో లేని వేళ చూసి, అడ్డమొస్తోందని స్ప్లింట్ తీసి పక్కన పెట్టి, బెల్టు ఎక్కించబోయాడు. బిగువు కోసం ఇనప కడ్డీతో ఆల్టర్నేటర్‌ని వెనక్కి నెడుతుంటే వేలి లోపల పట్‌మన్నదట.

ఒక బెల్టు కోసం ఇదంతా ఎందుకని అడిగాను.

"బెల్టు కోసం కాదు మేడం. బండి అట్ల నోరు తెరుసుకోని ముంగట ఉన్నది. ఆమె ముందు తలుపుల నుంచి వస్తలేదు, పోతలేదు. వెనక సందుల నుంచి తిరిగొస్తున్నది. నడిచేటట్టు చేస్తే ఎవరికన్న ఇచ్చేద్దును."

టోయింగ్ వాళ్ళను పిలిస్తే ఎత్తుకుపోతారు కదా అన్నాను. పిలవొచ్చు అన్నాడు. ఆ రోజు మా గదిలో ఎవరికీ మకాన్ అని చెప్పడం అంకుల్‌కి గుర్తు రాలేదు.

మళ్ళీ సర్జరీ చేయాలన్నారు. ఈసారి ఆశ తక్కువని కూడా చెప్పారు. సర్జరీకి ముందు కొలతలు తీసుకుని కొత్త స్ప్లింట్ సిద్ధం చేయడానికి అతన్ని పిలిచాం. నాకు అన్నిటికన్నా బాగా గుర్తున్న రోజు అదే.

అతను టేబుల్ మీద చెయ్యి చాపి ఉన్నాడు. అంకుల్ ప్లాస్టిక్ రేకును నీళ్ళలో మెత్తబరుస్తున్నాడు. మా పెద్దావిడ చెయ్యి పరీక్షిస్తోంది. తలుపు తెరుచుకుని ఆమె లోపలికి వచ్చింది. అన్ని వారాల్లో ఆ గడప దాటడం అదే మొదటిసారి. ఎవరినీ చూడకుండా నేరుగా నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఆంటీ, ఇంజన్ నడుస్తలేకుండె. బంద్ ఉండె. నేనే స్టార్ట్ చేసిన."

అతను వెంటనే అందుకున్నాడు. "ఆమె మాట పట్టించుకోకుండ్రి మేడం. ఇంకా ఆ షాక్‌లనే ఉన్నది."

ఆమె ఆగలేదు. నిలబడే చెప్పింది, అటూ ఇటూ పోకుండా, ఆఫీసులో ఏదో వివరిస్తున్నట్టు. ఆ మధ్యాహ్నం మబ్బు పట్టి పోర్చిలో వెలుతురు తగ్గిపోయింది. మొదట ఆమె అతని పక్కనే నిలబడి, అతను లైటు కొట్టు అన్నప్పుడల్లా ఇంజన్ లోపలికి టార్చి కొట్టింది. బెల్టు ఎక్కాక, ఇప్పుడు వెళ్ళి సీటులో కూర్చుని సెల్ఫ్ కొట్టమన్నాడు. కొట్టింది. కీచుమంది. ఆపమన్నాడు. ఆపింది. ఇంకాస్త బిగించి మళ్ళీ కొట్టమన్నాడు. కొట్టింది. మళ్ళీ ఆపింది. అప్పుడతను, బెల్టు గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో తెలుసుకోవడానికి కింది పుల్లీ దగ్గర వేళ్ళు పెట్టి తడుముతున్నాడు. లోపల చీకటిగా ఉంది. ఆమె పక్కనే ఉందనుకుని, తల తిప్పకుండా, అలవాటుగా అన్నాడు, కొట్టు అని.

ఎత్తి ఉన్న బానెట్ అవతల, సీటులో ఉన్న ఆమెకు ఆ ఒక్క మాట వినబడింది.

"నాకు కొట్టు అనే ఇనవడ్డది. నేను కొట్టిన."

తర్వాత ఆమె అతని వైపు తిరిగింది. "హాస్పిటల్‌ల నేను కాదన్నరు. మీ అమ్మకు ఫోన్‌ల నేను కాదన్నరు. ఇంట్ల నాతోని కూడా నేను కాదనే అంటున్నరు. మరి నేను ఏమని ఏడ్వాలె?"

మా విభాగంవాళ్ళలో నాకు తప్ప ఎవరికీ తెలుగు రాదు. కాని ఎవరూ కదలలేదు. అంకుల్ చేతిలో మెత్తబడిన రేకు చల్లారి గట్టిపడుతోంది. పెద్దావిడ దాన్ని తీసుకుని మళ్ళీ నీళ్ళలో వేసి, ఏమీ అడగకుండా తన పని చేసుకుంటున్నట్టు అటు తిరిగి నిలబడింది.

అతను తల ఎత్తి ఆమె వైపు చూశాడు.

"నువ్వే స్టార్ట్ చేసినవ్," అన్నాడు చివరికి. "నేనే కొట్టుమన్న. లైట్ అనుకోని అన్న. నువ్వు సీట్ల ఉన్న సంగతి మర్చిపోయిన."

"నన్ను తిట్టుకున్నరా?"

"తిట్టుకున్న." కొంచెం ఆగి, "ఇప్పుడు గూడ ఒక్కోసారి తిట్టుకుంట," అన్నాడు.

నేనైతే ఆ రెండో మాట అనకుండా ఉంటే బాగుండేదనుకున్నాను. ఆమె మాత్రం ఎన్నాళ్ళుగానో అడుగుతున్నదానికి జవాబు దొరికినట్టు తలూపింది. అంకుల్ ఒక కుర్చీ తెచ్చి అతని పక్కన వేశాడు. ఆమె కూర్చుంది. బ్యాగు కింద పెట్టి, రెండు చేతులూ టేబుల్ మీద పెట్టి నన్ను అడిగింది.

"ఎట్ల పట్టుకోవాలె ఆంటీ?"

నేర్పాను. ఒక చేత్తో అరచేతిని కిందనుంచి ఆనించి, ఇంకో చేత్తో ఒక్కొక్క కణుపూ ఎలా మడవాలో, ఎక్కడ ఆపాలో. మొదటి కొన్నిసార్లు నా చేతిని ఆమె వేళ్ళ మీద వేసి నేనే నడిపించాను. అతను కళ్ళు మూసుకున్నాడు. నొప్పికేనా అని నేను అడగలేదు.

ఇక్కడితో కథ మంచిగా ముగిసిందని చెప్పగలిగితే నాకూ సంతోషమే. రెండో సర్జరీ తర్వాత ఆమె సెలవు పెట్టి, గంట తప్పకుండా అతని వేళ్ళు వంచింది. మా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో అంత శ్రద్ధగా చేసినవాళ్ళు తక్కువ. చూపుడు వేలు మెల్లగా దారికి వచ్చింది. పెన్ను పట్టుకోగలిగాడు. మధ్య వేలు మాత్రం రాలేదు. అది సగం వంగి, అలాగే బిగుసుకుపోయింది. జేబులో చెయ్యి పెడితే తట్టుకునేది, ఎక్కడైనా తగిలితే ప్రాణం పోయేది. పనికిరాని వేలు పక్కనున్న మంచి వేళ్ళను కూడా పని చేయనివ్వదు. కొన్ని నెలలు చూసి, తీసేయమని అతనే సర్జన్‌ని అడిగాడు.

తీసేసే రోజు పొద్దున వాళ్ళు ముందు మా విభాగానికి వచ్చారు. అతను పెద్దావిడతో మాట్లాడుతున్నప్పుడు ఆమె నన్ను కారిడార్‌లోకి పిలిచింది.

"మొదటిసంది నేనే వంచి ఉంటే ఈ ఏలు మిగులుతుండెనా ఆంటీ?"

పిల్లలూ, ఈ ప్రశ్న మిమ్మల్ని కూడా ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు ఏం చెప్పాలన్నది ఏ పుస్తకంలోనూ ఉండదు. మా పెద్దావిడ తర్వాత నాతో, లేదు అని చెప్పి ఉండాల్సింది అంది. ఆమె మాటలో దయ ఉంది, కాదనను. కాని నన్ను అడిగిన ఆమెకు భర్త అన్ని వారాలు చూపింది కూడా ఆ దయే కదా. కాదు, కాదు, నువ్వు కాదు అని. అది ఆమెను ఏం చేసిందో నేను చూశాను.

"మిగిలేదేమో," అన్నాను. "ఎముక అంత నలిగాక, ఎవరు వంచినా మిగలకపోయేదేమో. నాకు తెలియదమ్మా. తెలిస్తే చెప్పేదాన్ని."

ఆమె ఏడ్చింది. నేను పక్కనే నిలబడ్డాను. అంతకన్నా మంచి జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు.

గాయం మానాక మళ్ళీ మా దగ్గరికే పంపారు. ఈ చేత్తో ఏ పని చేయాలనుకుంటున్నావని రోగిని అడిగి, ఆ పనికి తగ్గట్టు చేతిని తయారుచేయడం మా పద్ధతి. మనవాళ్ళు ఎక్కువమంది అన్నం కలుపుకుని తినాలంటారు. అతను ఆ బెల్టు ఎక్కించాలన్నాడు. మా కొత్తమ్మాయి మొహం పాలిపోయింది. పెద్దావిడ కాసేపు ఆలోచించి, అడిగింది రోగి కదా అంది. అలా ఒక పొద్దుట నేను వాళ్ళ ఇంటికి వెళ్ళాను, అతను స్పానర్ ఎలా పట్టుకుంటాడో చూసే నెపం మీద.

బండి అక్కడే ఉంది. బానెట్ మీద ఆకులు, దుమ్ము. కింద రెండు పిల్లులు కాపురం పెట్టినట్టున్నాయి. అతను ఫ్యాక్టరీలో చేసినట్టే చేశాడు. ముందు కీ తీసి ఆమెకిచ్చాడు. ఆమె దాన్ని జేబులో పెట్టుకుంది. తర్వాత స్పానర్‌ని బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఇరికించి, బ్యాటరీ తీగ విప్పాడు. చాలాసేపు పట్టింది. చెమటలు పట్టాయి. అయినా విప్పాడు. బెల్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అతనివల్ల కాలేదు. పుల్లీల సందులోకి చెయ్యి పోతోంది గాని, మిగిలిన వేళ్ళకు బెల్టును లాగే బలం లేదు. రెండుసార్లు ప్రయత్నించి, వెనక్కి జరిగాడు.

"నువ్వు ఎక్కిస్తవా?" అని అడిగాడు.

ఆమె చేతులకు ఉన్న గాజులు తీసి నాకిచ్చి, వంగింది. అతను పై పుల్లీ, కింది పుల్లీ అని చెబుతుంటే ఒక్కొక్కదాని మీదుగా బెల్టును లాక్కొచ్చింది. గాడిలో కూర్చుందో లేదో చూడడానికి ఆమె వేళ్ళు కూడా అక్కడికే వెళ్ళాయి, అతని వేళ్ళు నలిగిన చోటికే. నేను అతని వైపు చూశాను. విప్పిన బ్యాటరీ తీగను ఆ చేత్తో పైకెత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. కింద వదిలేసినా ఏమీ కాదు. కీ ఆమె జేబులోనే ఉంది. అయినా ఆమె చెయ్యి బయటికి వచ్చేదాకా దించలేదు. ఆ చేతికి అంతసేపు పట్టుకునే బలం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

బోల్టు ఇద్దరూ కలిసి బిగించారు. తీగ మళ్ళీ కలిపాక, ఆమె కీ తీసి అతని చేతిలో పెట్టి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. అతను స్టార్ట్ చేశాడు. నెలల తరబడి కదలని ఇంజన్ కొంచెం మొరాయించి, దగ్గి, అందుకుంది. బెల్టు కీచుమనలేదు. శుభ్రంగా తిరిగింది. అతని ముఖంలో సంతోషం కోసం చూశాను. లేదు. కొంతసేపు విని, ఆపేశాడు. లోపల ఆమె కక్కుకుంటున్న చప్పుడు వినబడింది. అతను నన్ను మర్చిపోయి లోపలికి పరుగెత్తాడు. నేను గాజులు కిటికీ గట్టు మీద పెట్టి, బస్సు ఎక్కి వచ్చేశాను.

కొన్నాళ్ళకు ఎవరో వచ్చి ఆ బండి నడుపుకుంటూ తీసుకుపోయారట. ఫ్యాక్టరీలో అతన్ని యంత్రాల దగ్గర్నుంచి తప్పించి, ఆఫీసు గదిలో కూర్చోబెట్టారు. అది అతనికి నచ్చలేదు. రాజీనామా చేయాలని చాలాసార్లు అనుకున్నాడని, తనే వద్దన్నానని ఆమె ఒకసారి ఫోన్‌లో చెప్పింది. చప్పుడుకు ఇప్పటికీ ఉలిక్కిపడుతుందట. ఇంట్లో మిక్సీ అతనే వేస్తాడట. వాళ్ళ మధ్య అన్నీ సర్దుకున్నాయని నేను అనుకోను. సర్దుకోనిదాంతోనే ఉంటున్నారు.

నేను ఉద్యోగం మానేశాక ఉగాదికి మనవాళ్ళు ఒక హాలులో భోజనాలు పెడితే వెళ్ళాను. వాళ్ళిద్దరూ ఒక బల్ల దగ్గర కనిపించారు. నేను ప్లేటు పట్టుకుని అటు వెళ్ళేసరికి, ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి ఒకాయన అతని చెయ్యి చూసి, "ఏమైంది బాబూ చేతికి?" అని అడుగుతున్నాడు.

"బండి బెల్టు మారుస్తుంటే అందుల పడ్డదండి," అన్నాడు అతను.

ఆమె గ్లాసు కింద పెట్టింది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

"ఆయన చెయ్యి లోపల ఉండంగ నేను ఇంజన్ స్టార్ట్ చేసిన అంకుల్."

పెద్దాయనకు ఎటు చూడాలో తెలియలేదు. నన్ను చూశాడు, తన ప్లేటు చూసుకున్నాడు, పులిహోర బాగుందని ఏదో అన్నాడు. అతను ఆమె మాట కాదనలేదు. నన్ను చూసి, కుర్చీ కొంచెం జరిపి చోటిచ్చాడు. నేను వాళ్ళ పక్కన కూర్చున్నాను.